నెమ్మదైన తావు

పడవ లంగరు వేశాక కూడా నూకరత్నం చెవి వెనక చుక్క ఆకుపచ్చగానే వెలుగుతోంది. ఆ చుక్క పేరు తావరి. గుండెనూ ఊపిరినీ వింటూ, మనిషి ఏ చోట నెమ్మదిగా ఉంటాడో అది చెబుతుంది. భీమిలిలో ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, బస్సులో సీటు ఎంచుకోవాలన్నా ఇప్పుడు దాని మాటే. మునిగిన ఓడల్లోకి లోతుగా దిగడం నేర్పే బడి కూడా, ఎవరు ఎక్కడ దిగాలో దాన్నే అడుగుతుంది. భయపడినవాళ్ళకు గాలి త్వరగా అయిపోతుంది కనుక అందులో తప్పేమీ కనిపించేది కాదు.

మిగతా శిష్యులకు తావరి రకరకాల ఓడలు చూపింది. నూకరత్నానికి మాత్రం ఈసారీ అదే చోటు. ఆమె తమ్ముడితో సహా మునిగిపోయిన చేపల మరపడవ.

"మళ్ళీ ఇదేనేటే?" అన్నాడు గురువు దానయ్య.

"దానికి తెలీదేటి మావా? నీకన్నా సదువుకున్నాది," అని నవ్విందామె.

"సర్లే. పైకొచ్చి ఏటి తింతావు?"

దిగేముందు అలా అడగడం అతని పాత అలవాటు. ఒకప్పుడు జవాబు చెప్పనివాళ్ళను దిగనిచ్చేవాడు కాదు. తావరి వచ్చాక జవాబు కోసం ఆగడం మానేశాడు. నూకరత్నం ముఖానికి అద్దం తగిలించుకుంది.

కింద ఆమె మునిగిన మరపడవ గదిలోకి వెళ్ళింది. దానయ్య బయట తాడు పట్టుకుని, తన మణికట్టుకున్న తావరి పలక మీద ఆమె ఊపిరిని చూస్తున్నాడు. నెమ్మది. ఇంకా నెమ్మది. ఇంత మంచి శిష్యురాలు తనకెప్పుడూ దొరకలేదనుకున్నాడు. తిరిగి వెళ్ళే వేళ దాటింది. ఆమె రాలేదు. పలక ఆకుపచ్చగానే ఉంది.

ఆమె జవాబు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అతను లోపలికి ఈదాడు. ఆమె దీపం ఆర్పేసి, తమ్ముడు పడుకునే బల్ల మీద ఒక పక్కకు ఒదిగి ఉంది, ఇంకొకరికి చోటు వదిలినట్టు. అతని దీపం వెలుగు పడగానే, నిద్ర చెడినవాళ్ళలా కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుంది.

రెక్క పట్టి లాక్కొచ్చాడు. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు, తాడు పట్టుకుని మధ్యమధ్య ఆగాలి. ఆగిన ప్రతిచోటా పలక మీద ఎర్రటి అక్షరాలు: ఈ తావు మీకు సరిపడదు, కిందకు వెళ్ళండి. ఆమె వేళ్ళు తాడు వదిలేసేవి. అతను మళ్ళీ పట్టించేవాడు.

పైన పడవలో ఆమె వగరుస్తూ ఏడ్చింది. "ఎందుకు లాగీసినావు మావా? అక్కడ బాగున్నాది నాకు."

"ఏటి తింతావో సెప్పు."

ముక్కు తుడుచుకుని, "నెత్తళ్ళ పులుసు," అంది. "కారం ఎక్కువేసి."

ఆమె చెవి వెనక చుక్క ఎర్రగా కొట్టుకుంటోంది. ఆ ఎరుపు చూశాక దానయ్యకు ధైర్యం వచ్చింది.

సాయంత్రం పడవ ఒడ్డు చేరింది. జెట్టీ మీద, తావరి చూపిన బల్లల మీద, జనం కదలకుండా కూర్చుని ఉన్నారు. చెవుల వెనక వరసగా ఆకుపచ్చ చుక్కలు. దానయ్య దిగి, దగ్గరలో ఉన్న మనిషి ముందు ఆగాడు.

"బావూ, ఇంటికెళ్ళి ఏటి తింతావు?"

ఆయన ఎంతో నెమ్మదిగా అతనివైపు చూసి, మళ్ళీ సముద్రంవైపు తిరిగాడు.