నవ్వు ముందొచ్చేసింది

"నవ్వు ఎవరు నొక్కారు?"

తలుపు ధడాలున తోసుకొచ్చి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. ప్రొజెక్టర్ గదిలో ఉన్నదే ఒక్క మనిషి. అయినా అతను వెనక్కి తిరిగి, ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు.

"మిమ్మల్నే! గోడనేం చూస్తారు?"

"నవ్వు నొక్కడమేంటండీ? నేను నొక్కింది కీబోర్డు."

జరిగింది ఇదీ. నగర నాటకోత్సవంలో ఆ సాయంత్రం ఒక పరదేశపు నాటకం. నటుల భాష హాల్లో ఒక్కరికీ రాదు. అందుకని స్టేజీ పైన పొడుగాటి తెర కట్టి, ప్రతి డైలాగూ మన మాటల్లో దాని మీద వేస్తారు. ఆ మాటలు రాసింది ఆమె. నటుడు నోరు తెరిచినప్పుడల్లా వాటిని ఒక్కొక్కటిగా వదలాల్సింది అతను.

నాటకంలో ముసలి భర్త కళ్లు తుడుచుకుంటూ పెళ్లాంతో, "నిన్ను వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయేవాణ్ణి..." అంటాడు. అని ఆగుతాడు. హాలంతా ఊపిరి బిగబట్టాలి. అప్పుడాయన, "కానీ నా చెప్పులెక్కడున్నాయో నీకే కదా తెలుసు!" అంటాడు. అక్కడ నవ్వాలి.

మనవాడు రెండు ముక్కలూ ఒకేసారి వదిలేశాడు. ఆయనింకా కళ్లు తుడుచుకుంటూ ఉండగానే హాలు గొల్లుమంది. పాపం పెద్దాయన బిత్తరపోయి, ప్యాంటు జిప్పు ఊడిందేమోనని కిందికి చూసుకున్నాడు. దాంతో జనం ఇంకాస్త నవ్వారు.

"విడివిడిగా ఇచ్చాను. మధ్యలో చుక్కలు కూడా పెట్టాను. చూడలేదా?"

"చూశానండీ."

"చూసి?"

"జోకు బాగుంది. ఆగలేకపోయాను."

తిట్టడానికి తెరిచిన నోరు ఆమె మూసేసింది. తన రాతని మెచ్చుకున్న మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అయినా గట్టిగానే ప్రయత్నించింది.

ఆ నగరంలో ఉత్సవాలకి సెలవుండదు. సినిమాలవగానే నాట్యం, నాట్యమవగానే చిత్రకళ, వెనకే కథలు చెప్పేవాళ్లు. ఒక బ్యానరు జిగురు ఆరకముందే దాని మీద ఇంకోటి అంటిస్తారు. ఏడాది పొడుగునా ఈ గదిలోనే కాపురముండే అతనికి ఉత్సవాల ఆఫీసులో పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్. నడక, భోజనం, మాట, అన్నీ అందరికంటే ముందే. ఆమె మాత్రం ఒక్క నాటకోత్సవం కోసం వచ్చిన అనువాదకురాలు. గోడ మీది పోస్టర్లలో తప్పుల్ని కూడా పెన్ను తీసి దిద్దడంతో, వచ్చిన వారానికే కామా అయిపోయింది.

"రేపే ఆఖరి ఆట. మా అమ్మొస్తోంది," అంది కామా. ఈసారి గొంతులో కోపం లేదు. "నెలల తరబడి కూర్చుని రాశాను. కనిపించి మాయమైపోయే ముక్కలకి అంత కష్టమెందుకే అంటుంది. రేపు అమ్మ నవ్వాలి. నవ్వాల్సిన చోటే నవ్వాలి. అర్థమవుతోందా?"

ఎక్స్‌ప్రెస్‌కి అర్థమైంది. అర్థమై, సిగ్గేసింది కూడా.

"ఇంకో ఆపరేటర్ని పెట్టించుకుంటాను," అందామె.

"ఇంకొకళ్లు లేరండీ. అందరూ బొమ్మలాట ఉత్సవం పనిలో ఉన్నారు."

"అయితే రేపు నేనూ ఇక్కడే కూర్చుంటా. నేను భుజం తడితేనే మీరు నొక్కాలి. తట్టకపోతే హాలు కూలినా నొక్కకూడదు."

"కూలినా నొక్కను," అన్నాడు అతను మహా సీరియస్‌గా. లోపల మాత్రం గంతులేస్తున్నాడు. ఆమె వచ్చిన రోజు నుంచీ ఏదో ఒక వంకతో ఆమె టేబుల్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. బొమ్మలాటకి అనువాదంతో పనిలేదు. రేపటి తర్వాత ఈమె ఈ మెట్లెక్కదు. చెప్పాల్సిందేదో రేపే చెప్పాలి.

మర్నాడు సాయంత్రం వాన దంచేసింది. కామా నిలువునా తడిసి వచ్చింది.

"గొడుగు లేదా?"

"అమ్మకిచ్చాను. మూడో వరసలో కూర్చోబెట్టి వస్తున్నా."

"ఏమన్నారు?"

"సీటు మెత్తగా ఉందంది."

అతను రుమాలు ఇచ్చాడు. ఆమె జుట్టు తుడుచుకుంటూంటే ఒక చుక్క వచ్చి అతని చేతి మీద పడింది. అతను దాన్ని తుడుచుకోలేదు.

"మీతో ఒక మాట..."

"నాటకం అయ్యాక."

"చిన్న మాటే."

"పెద్దదైనా చిన్నదైనా మీ దగ్గర ఆగదు. నాటకం అయ్యాక!"

తెర లేచింది. భుజం మీద తట్టు, అతని వేలి కింద నొక్కు. మళ్లీ తట్టు, మళ్లీ నొక్కు. హాలు నవ్వాల్సిన చోట నవ్వింది, నిట్టూర్చాల్సిన చోట నిట్టూర్చింది. ఎదురుచూడటంలో ఇంత హాయి ఉంటుందని ఎక్స్‌ప్రెస్‌కి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. డైలాగులు ఇంకా ఎక్కువుంటే బావుండుననిపించింది.

అసలు సీను వచ్చింది. "నిన్ను వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయేవాణ్ణి..." తెర మీద ఆ ముక్కే వెలిగింది. హాలు కిక్కురుమనలేదు. కామా చెయ్యి గాల్లో ఆగింది.

పెద్దాయన తలెత్తి తెర వైపు అనుమానంగా చూశాడు. నిన్నటి భయం ఇంకా వదల్లేదు కాబోలు, చెప్పుల జోలికే పోలేదు. భార్య చెయ్యి పట్టుకుని, ఏదో కొత్త మాట అనేశాడు.

కామాకి పై ప్రాణాలు పైనే పోయాయి. అది స్క్రిప్టులో లేదు! తెరేమో బోసిగా ఉంది. హాలంతా తలెత్తి చూస్తోంది, మూడో వరసతో సహా. ఆమె గబుక్కున అతని చెవి దగ్గరికి వంగింది.

"నిన్ను వదిలి నేనెక్కడికీ వెళ్లను!"

చెవిన పడిందల్లా కొట్టేసే వేళ్లు కదా, కొట్టేశాయి. మాట తెర మీద వెలిగింది. కానీ మనవాడి బుర్ర అప్పటికే పనిచెయ్యడం మానేసింది. ఆ ఊపిరి, ఆ గొంతు, ఆ మాట! నోటితో అడగాల్సినదాన్ని కూడా వేళ్లే అడిగేశాయి.

"నిజమా?"

స్టేజీ పైన, ఇంత పెద్ద అక్షరాలతో!

సరిగ్గా అప్పుడే ముసలి భార్య నడుం మీద చెయ్యేసుకుని, ఒక కనుబొమ్మ ఎగరేసి, మొగుణ్ణి ఎగాదిగా చూస్తోంది. ఆవిడ నోరే విప్పలేదు. హాలు పగలబడి నవ్వింది. ఈలలు, చప్పట్లు. ఆవిడ గడుసుది, ఆ చూపు అలాగే నిలబెట్టింది. నవ్వు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచింది.

"నిజమా ఏంటి? ఎవరడిగారు?" కామా గుసగుసగా అరిచింది.

"నేనే."

"ఎవర్ని?"

"మిమ్మల్నే."

"నేను చెప్పింది ఆ పెద్దాయన మాట!"

"తెలుసండీ. ఇప్పుడు తెలిసింది."

ఆమె మొహం ఎర్రబడింది. కోపమో ఇంకోటో తేల్చుకునే టైమ్ లేదు. "తర్వాతి లైను! నొక్కండి!" అంటూ అతని భుజాన్ని మద్దెల చేసేసింది.

నాటకం అయ్యేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ హోరు ఇంకా వినిపిస్తుండగానే ప్రొజెక్టర్ గది తలుపు తెరుచుకుంది. గొడుగుతో అమ్మ!

"ఏమే, ఆ ముక్కల్ని ఇంకాసేపు ఉంచొచ్చుగా? రెండు మూడు మాటలు గుర్తుపెట్టుకుందామనుకునేలోపే పోయాయి."

"నచ్చాయా అమ్మా?"

"వాళ్లు మాట్లాడేది వేరే భాషన్న సంగతే మర్చిపోయాను. మీ నాన్నా నేనూ కొట్టుకుంటున్నట్టే ఉంది. ఇంత బాగా రాస్తావని ఒక్కసారైనా చెప్పలేదే!"

కామా కళ్లు తుడుచుకుంది. ఎక్స్‌ప్రెస్ ఆనందం పట్టలేక తనూ తుడుచుకున్నాడు.

"అన్నిట్లోకీ ఆ 'నిజమా' ఉందే, కడుపు చెక్కలైంది. అదెలా తట్టిందే?"

ఒప్పేసుకుంటే సరిపోయేది. కానీ కామా తల అడ్డంగా ఊపింది. "అది నాది కాదమ్మా. ఈయన రాశారు."

"నువ్వా బాబూ? ఎలా తోచింది?"

"తోచలేదండీ. పొరపాటు. ఆ ముందు మాట మీ అమ్మాయి నా చెవిలో అన్నారు. నాతోనే అన్నారనుకున్నాను."

అమ్మ అతణ్ణి చూసింది. కూతుర్ని చూసింది. ఇద్దరి మొహాలూ ఒకే రంగులో ఉన్నాయి.

"ఏమే? నువ్వు అతనితో అనలేదా?"

"అప్పుడు అనలేదమ్మా," అంది కామా. రుమాల్ని వేలికి చుట్టింది, విప్పింది. తర్వాత తలెత్తి, తిన్నగా అతని కళ్లలోకి చూసింది. "ఇప్పుడు అంటున్నాను. నిన్ను వదిలి నేనెక్కడికీ వెళ్లను."

ఎక్స్‌ప్రెస్ కదల్లేదు. పెదాలు విడిపడ్డాయి కానీ మాట రాలేదు.

"ఏం బాబూ, మాట పడిపోయిందా?" అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"లేదండీ," అన్నాడతను ఎలాగో. "ఇంకోసారి అనమనండి."