పడవలో అనకూడని మాట

"ముందు పంపిన ఇద్దరినీ రేవులోనే ఉరి తీశారు," అన్నాడు కెనడా మేజర్, మ్యాప్‌లో ఫ్రాన్స్ తీరంలోని బులోన్ రేవు మీద వేలు పెట్టి. "రేవు గోడ కింద జర్మన్లు డైనమైట్ కూరారు. దాని వైరు కోసి ఆకుపచ్చ రాకెట్ వదులు. అప్పుడే మా ట్యాంకులు దిగుతాయి."

"ఆ గోడను ఆనుకునే మా అమ్మ ఇల్లు. వెళ్తాను," అన్నాడు ఒడిలాన్.

ఉరిపడ్డ ఆ ఇద్దరిలో ఒకడు అతని తమ్ముడు అషిల్.

మర్నాడు పొగమంచులో, జాలరి వేషంలో ఉన్న ఒడిలాన్ పడవలోకి సోలాంజ్ దిగింది. జర్మన్ ఆఫీసర్ల క్లబ్బులో పాడుతూ లండన్‌కు కబుర్లు చేరవేసే ఏజెంట్, వైరు చూపించడానికి వచ్చింది. పట్టు స్కార్ఫు, ఎర్రటి పెదవులు.

"హెర్రింగ్ చేపకి ఉప్పు పట్టిందా?" అడిగాడు ఒడిలాన్.

"ఇంకా పచ్చిగానే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వి పొట్లం విప్పింది. "తిను. నేనూ ఈ ఊరి జాలరి పిల్లనే. కుందేలు మాంసం. మా నాన్న పడవలో ఇదే తినేవాడు."

తెడ్డు ఆగిపోయింది. ఆ తీరంలో పసిపిల్లలు కూడా పడవలో ఆ జంతువు పేరెత్తరు. ఎత్తితే పడవ మునుగుతుందని భయం. తప్పనిసరైతే 'పొడుగు చెవులది' అంటారు. అషిల్‌ను పట్టించింది ఎవరో ఒడిలాన్‌కు అర్థమైంది. అయినా తెడ్డు వేశాడు.

గోడ కింద రెండు వైర్లున్నాయి.

"నల్లది కొయ్యి," అంది సోలాంజ్. "తెల్లది ఉత్త టెలిఫోన్ వైరు."

అతను కటింగ్ ప్లయర్ తెల్లదానికి పట్టించాడు.

"అది కాదన్నానా?" ఆమె చేతిలో పిస్తోలు మెరిసింది.

ఒడిలాన్ ఒంటికాలి మీద బరువు వేశాడు. పడవ ఒరిగింది. జాలరి పిల్లయితే నిలదొక్కుకునేది. ఆమె పిస్తోలు గాల్లోకి పేలింది, ఆమె నీళ్లలో పడింది. ఆ చప్పుడుకు పైన బంకర్‌లో కేకలు లేచాయి. అతను తెల్ల వైరు కోసేశాడు. వెంటనే పైన జర్మన్లు నొక్కిన డైనమైట్ మీట టక్కుమంది. ఏదీ పేలలేదు.

నీళ్లకేసి చూశాడు. స్కార్ఫు ఒక్కటే తేలుతోంది. సంతోషం కలగలేదు. అషిల్ తిరిగి రాడు. ఆకుపచ్చ రాకెట్ వదిలాడు.

సాయంత్రానికి రేవు కెనడా వాళ్ల చేతికొచ్చింది. గోడ మీంచి మేజర్ కిందికి వంగాడు. "కోడ్ సరిగ్గానే చెప్పిందన్నావ్. మరెలా పట్టుకున్నావ్?"

"ఒక మాట జారింది, సర్."

"ఏం మాట?"

ఒడిలాన్ తన కాళ్ల కింది పడవను చూసుకున్నాడు.

"ముందు నన్ను ఒడ్డెక్కనివ్వండి, చెప్తాను."