పిచ్చుక మోసిన మాటలు

పాలు పితికే వేళకి ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ లేచారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే. కోడలు చెంబు తీసుకుని పశువుల కొట్టంలోకి వెళ్ళింది. అత్తగారు చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నడుమ గడప మీద నాలుగేళ్ళ పిల్ల, కళ్ళు నులుముకుంటూ. బక్కపలచగా ఉండి, ఒక్కచోట నిలవకుండా గెంతుతుందని ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు.

"పిచ్చుకా, రాత్రి వానకి గడ్డి తడిసిందని మీ అమ్మతో చెప్పు," అంది అత్తగారు.

"చూశాను, ఆరబోస్తానని మీ నానమ్మతో చెప్పు," కొట్టంలోంచే అంది కోడలు.

"అమ్మా, నానమ్మకి వినబడిందిగా!"

"అయినా చెప్పు."

వారం నుంచీ ఇదే తంతు. ఇది మొదలైన రోజు కూరమడిలో కలుపు తీస్తూ, పిల్లని తాను చూసుకుంటానంది అత్తగారు. రెప్పపాటు ఏమరింది. పిచ్చుక నీళ్ళతొట్టిలో తలకిందులుగా పడింది. కేకలు విని పరుగున వచ్చిన కోడలు, తడిసి వణుకుతున్న పిల్లని లాక్కుని, "ఇక నా బిడ్డని మీ చేతుల్లో పెట్టను!" అనేసింది. తొట్టిలోంచి పైకి లాగింది ఆ చేతులేనన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. కానీ కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం కదా. ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న మొగుడు, కాయగూరలు వ్యానులో వేసుకుని ఇవాళా చీకటితోనే సంతకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉండటం కంటే అక్కడ బేరాలాడటమే అతనికి సుఖంగా ఉంది.

పాలు పితికాక కోడలు ఎర్రావు ముందు దాణా పోసింది. ఆ ఇంటికి పాలిచ్చే ఆవు అదొక్కటే. పిల్ల గ్లాసులోకి పాలు, అన్నంలోకి పెరుగు, అన్నీ దాని పొదుగులోంచే రావాలి.

"పిచ్చుకా, ఆవుకి దాణా పెట్టేశానని నానమ్మతో చెప్పిరా."

పిల్ల పరుగెత్తింది. దారిలో కోడి తన పిల్లల్ని వెంటేసుకుని ఎదురైంది. పిచ్చుక కూడా ఆ వరసలో చేరిపోయింది.

బట్టలుతికి, కోళ్ళగూడు కడిగి, మళ్ళకి నీళ్ళు పెట్టి కోడలు తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కొట్టంలో అడుగు పెట్టి ఎర్రావు దగ్గరికి పరుగెత్తింది. ఆవు ఎడమ డొక్క డప్పులా బిగిసి పైకి లేచింది. నోటి వెంట చొంగ. నెమరు లేదు. వెనక కాలితో పొట్టని తన్నుకుంటోంది.

"అత్తయ్యా!"

వారంలో ఆవిడని అదే మొదటిసారి పిలవడం. అత్తగారు పరుగెత్తుకొచ్చింది.

"ఎంత పోశావే దాణా?"

"ఎప్పటిలా ఒక బుట్ట. మీరేమన్నా పోశారా?"

అత్తగారు దాణా తొట్టి వైపు చూసింది. "తొట్టి ఖాళీగా ఉంటే పస్తు పెట్టావనుకున్నా. రెండు బుట్టలు పోశా."

"పెట్టేశానని కబురు పంపానుగా!"

"ఎవరితో?"

"పిల్లతో."

"నాకెవరూ చెప్పలేదు. నీ నోట్లో నాలుక లేదా? గోడ అవతలే ఉన్నానుగా!"

"మీరు పలికితేగా!"

"నువ్వన్న మాటకి ఏ మొహంతో పలకనే? మనవరాల్ని పొట్టన పెట్టుకునేదాన్ననేగా నీ అర్థం!"

 కోడలు పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. దూరంలో ఉన్నానన్నాడాయన. "నేనొచ్చేదాకా నడిపిస్తూ ఉండండి. కూలబడితే మళ్ళీ లేవదు. డొక్క గట్టిగా రుద్దండి."

ఒకరు తాడు లాగారు, ఒకరు వెనక నుంచి నెట్టారు. ఆవు రెండడుగులు వేసి ఆగుతోంది. మూలుగుతోంది. దాని కళ్ళల్లోకి చూడలేక తల తిప్పుకున్న కోడలికి, ఉన్నట్టుండి వాకిలంతా నిశ్శబ్దంగా తోచింది.

"అత్తయ్యా, పిచ్చుకేది?"

ఇద్దరి చూపులూ నీళ్ళతొట్టి వైపే తిరిగాయి.

"దీన్ని నేను పట్టుకుంటా, నువ్వు పో!" అరిచింది అత్తగారు.

కోడలు తొట్టిలోకి భుజాల దాకా చేతులు ముంచి అడుగంతా దేవింది. నాచు తప్ప ఏమీ తగల్లేదు. ఇల్లు, కూరమడి, కోళ్ళగూడు అన్నీ వెతికింది. చివరికి గడ్డివాము వెనక వెక్కిళ్ళు వినబడ్డాయి.

మోకాళ్ళలో తల దాచుకుని ఉంది పిల్ల. "కోడిపిల్లలొచ్చాయమ్మా... మర్చిపోయా. ఆవు చచ్చిపోతుందా? నానమ్మని తిట్టినట్టు నన్నూ తిడతావా?"

కోడలు పిల్లని ఒడిలోకి లాక్కుంది. రెప్పపాటు ఏమరుపాటు. పిల్లదీ అంతే, ఆవిడదీ అంతే. పిల్లని గుండెకి హత్తుకోవడానికి తనకి ఒక్క క్షణం పట్టలేదు. మరి ఆవిడని క్షమించడానికి?

ఎత్తుకుని పరుగెత్తింది. అత్తగారు ఒంటరిగా, ఒరిగిపోతున్న ఆవుకి భుజం ఆనించి, "పడకే తల్లీ, నా పాపం ఆ పిల్లకి చుట్టకే" అని ఏడుస్తూ డొక్క రుద్దుతోంది.

"దొరికిందా?"

"దొరికింది. ఇదిగో, మీరు పట్టుకోండి అత్తయ్యా. తాడు నేను పట్టుకుంటా."

అత్తగారు చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దే. నా చేతులు వణుకుతున్నాయి."

"తొట్టిలోంచి తీసినప్పుడూ వణికే ఉంటాయి. అయినా వదల్లేదుగా." కోడలు పిల్లని ఆవిడ చేతులకి అందించింది. "ఆ మాట అన్నందుకు నా నోరు పడిపోవాలి."

"ఛ, ఊరుకో. పిల్లల తల్లివి, అలా అనకూడదు." అత్తగారు పిల్లని ఎత్తుకుని మెడలో మొహం దాచుకుంది.

మళ్ళీ నడక. వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకి, ఎన్నిసార్లో. నీడలు సాగుతుండగా ఎర్రావు ఆగింది, మెడ చాచింది, కొట్టం దద్దరిల్లేలా త్రేన్చింది.

"అబ్బా, కంపు!" ముక్కు మూసుకుంది పిచ్చుక.

వారం రోజుల్లో మొదటిసారి ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వారు, ఏడుస్తూనే.

డాక్టరు వచ్చి, మందు పట్టించి, గండం గడిచిందని చెప్పి వెళ్ళాడు. నాలుగు రోజులు పాలు తగ్గుతాయన్నాడు. అత్తగారు గడప మీద కూర్చుంది. పొద్దున్నుంచీ కబుర్లు మోసిన పిల్ల ఆవిడ భుజం మీద ఒళ్ళు మరిచి నిద్రపోతోంది.

"పిచ్చుకా, మీ అమ్మతో..." అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగింది అత్తగారు. చెప్పడానికి పిచ్చుక మేలుకుని లేదు.

"అమ్మాయ్," అంది మెల్లగా. "నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. రా, ఇలా కూర్చో."