తల్లి వచ్చిన ఇల్లు

బరంపురంలో ఆ వీధంతా ఇంకా నిద్ర కళ్ళతో ఉండగానే కమలాకుమారి స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, వెనక గది తలుపు తీస్తుంది. ఆ గదిలో ఎవరూ పడుకోరు. అయినా మంచం మీది దుప్పటి మధ్యలో, చిన్నపిల్లాడు ముడుచుకు పడుకుని లేచినంత గుంట రోజూ ఆమెకి కనిపిస్తుంది. దాన్ని చేత్తో సర్ది, తలుపు మూశాకే పొయ్యి వెలిగిస్తుంది. భర్త భీమేశ్వరరావు చాలాసార్లు చూశాడు. అప్పడాల కొట్టు తాళాలు తీసుకుని వెళ్ళిపోతాడు.

ఆరోజు ఆ గుంట ఉండే చోట కూతురు సాయిపద్మ కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది.

"ఈ గదిలోకెందుకొచ్చేవే?"

"ఇక్కడ ఫ్యాన్ గాలి బాగుంటాదమ్మా. రేత్రి ఇక్కడే పడుకున్నాను."

"లే. ముందు అక్కణ్ణించి లే!"

సాయిపద్మ లేచింది. తల్లి మొహం చూసి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల భువనేశ్వర్‌లో ప్రజారోగ్యం చదువుతోంది. ఒక అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలో విద్యార్థులకిచ్చే ఇంటర్న్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజున భీమేశ్వరరావు కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ మిఠాయి పంచాడు. కమలాకుమారి ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణికి కొబ్బరికాయ కొట్టింది. సొంత జిల్లాకే వేశారంటే ఇంకా సంతోషించింది. పని ఏమిటో తర్వాత తెలిసింది. సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, జ్వరంతో ఒంటి మీద పొక్కులు లేచిన పిల్లలెక్కడున్నారో కనుక్కోవాలి. అప్పట్నించి ఆమెకి అన్నం సయించడం లేదు.

ఆ రోగం పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. సాయిపద్మ పుట్టకముందు, పెద్దవాడు హేమచంద్ర ఆ వెనక గదిలోనే పోయాడు. "ఠాకురాణి మనింటికొచ్చింది, మందిస్తే ఆవిడికి అవమానం" అని అత్తగారు గుమ్మానికి వేపమండలు కట్టింది. కమలాకుమారి చల్లటి మజ్జిగ పట్టింది, పసుపునీళ్ళు చల్లింది, దణ్ణం పెట్టింది. తల్లి వెళ్తూ వెళ్తూ పిల్లాణ్ణి కూడా తీసుకుపోయింది. ఇప్పటికీ మంగళవారం మంగళవారం కమలాకుమారి ఆవిడ గుడికి వెళ్తుంది. ఎందుకు తీసుకెళ్ళావని మనసులో అడుగుతుంది.

సాయంత్రం సాయిపద్మ పెందరాళే వచ్చి, బ్యాగు గోడకేసి కొట్టింది.

"ఏ ఇంట్లోనూ లేదంటారమ్మా! లోపల పిల్లలు దగ్గుతున్నారు, గుమ్మాలకి వేపమండలున్నాయి. మీజిల్స్ ఉందా అంటే లేదు. ఒరియాలో మిలిమిలా ఉందా అంటే, అదీ లేదు. రేపు కూడా ఇలాగే అయితే నేను తిరుగుతున్న సోనేపూర్‌లో కేసులే లేవని రిపోర్టు పంపేస్తారు. అక్కడ పుణ్యవతి అని ఒకావిడ కొడుకు, చిన్ను... తలుపు సందులోంచి సూశాను. వాడు కళ్ళు తెరవట్లేదు."

"నీకెందుకే ఆ గొడవ? మానెయ్యి. తల్లి ఉన్న ఇంటి గడప కాడికెల్లి, ఆ కాళ్ళతోనే లోపలికొచ్చేసేవు."

"నాకేం రాదు. చిన్నప్పుడే సూది వేయించావు కదా!"

"వేయించేను. అయితే ఏటి?"

"నాకు వేయించినదానివి, అన్నకెందుకు వేయించలేదు?"

"పద్మా!" అన్నాడు అప్పుడే లోపలికొస్తున్న భీమేశ్వరరావు.

వెనక గదిలో మంచం కిర్రుమన్నట్టు కమలాకుమారికి వినిపించింది. ఆమె అటు చూడకుండా గోడకి చేరగిలబడింది.

"వాడు పోయేక కదే ఆ సూదుందని నాకు తెలిసింది..." అంది.

సాయిపద్మ ఏడుస్తూ తల్లి పక్కన కూలబడింది. "తప్పయిపోయిందమ్మా. అలా అనకుండా ఉండాల్సింది."

"నువ్వు ఆళ్ళనేటని అడిగేవు?"

"పిల్లలకి ఆ రోగం ఉందా అని."

"మరెందుకు సెప్తారే? తల్లి దిగిన ఇంటికెల్లి రోగముందా అంటే, ఇంటికొచ్చిన ఆడపడుచుని పట్టుకుని దొంగా అన్నట్టు. మీ నాన్నమ్మనీ అలాగే అడిగేరు, ఆసుపత్రోళ్ళు. లేదన్నాది. అది అబద్ధం కాదు. ఆవిడ కంటికి రోగం లేదు. తల్లే ఉంది."

అంటూనే కమలాకుమారి ఆగిపోయింది. తన నోటి మాటే తనకి కొత్తగా వినిపించింది. లేచి చెంగు బిగించింది.

"ఏమండీ, బండి తియ్యండి. సోనేపూర్ ఎల్దాం."

అప్పడాల సరుకు వేసే బండిలో ముగ్గురూ వెళ్ళేసరికి ఊళ్ళో దీపాలు పెడుతున్నారు. కమలాకుమారి పుణ్యవతి ఇంటికి దూరంగా చెప్పులు విడిచి, గుమ్మం పక్క గోలెంలో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, వేపమండలకి దణ్ణం పెట్టింది.

"తల్లి వచ్చిందా అమ్మా మీ ఇంటికి?"

తలుపు తెరుచుకుంది. "వచ్చిందమ్మా. ఆదోరం నాడొచ్చింది," అంది పుణ్యవతి.

లోపల చీకటి. అదే వేపాకు వాసన, అదే పసుపు. నేల మీద పరుపులో అదే గుంట. ఈసారి గుంటలో పిల్లాడున్నాడు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. కమలాకుమారి వాడి పక్కనే కూర్చుంది.

"ఆసుపత్రికి తీసుకెల్దామమ్మా."

"మందిస్తే తల్లికి కోపమొస్తాదని మా అత్త..."

"మా బాబుకి నేనూ అదే బయంతో ఇయ్యలేదు."

"మీ బాబుకి తగ్గిందా మరి?"

ఆ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అందరికీ జవాబు తెలుసు.

"లేదమ్మా. పోయాడు."

పుణ్యవతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఠాకురాణి జాత్రకి మా బరంపురంలో ఆవిడ పుట్టింటికొస్తాది. పుట్టింటికొచ్చిన ఆడపిల్ల, ఆ ఇంటి పసోడికి మందేస్తే కోప్పడతాదా? నాకు తెలీదు. ఇన్నేళ్ళూ అడుగుతానే ఉన్నాను. కానీ నీ పిల్లాడికి ఇంకా ఊపిరాడతన్నాది. ముందు వాణ్ణి లేపు, తరవాత ఇద్దరం కలిసి అడుగుదాం."

మూల నిలబడ్డ పుణ్యవతి భర్త వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. పుణ్యవతి గుమ్మంలో ఆగి, మండలకి చేతులు జోడించింది.

"తల్లీ, నువ్విక్కడే ఉండు. ఇది నీ ఇల్లే. పిల్లాణ్ణి సూపించి తీసుకొచ్చేస్తాం. కోపం తెచ్చుకోకు."

ఊపిరితిత్తులకి నిమ్ము చేరిందని, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. తెల్లవారాక చిన్ను కళ్ళు తెరిచి, సూది గుచ్చిన చెయ్యి చూసుకుని, ఊరంతా వినపడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని పుణ్యవతి నవ్వింది.

వరండాలో బల్ల మీద తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. సాయిపద్మ తల్లి భుజం మీద తల ఆన్చింది.

"అమ్మా, అన్న ఎలా ఉండేవోడు?"

కమలాకుమారి కళ్ళు మూసుకుంది. చీకటి గది గుర్తొస్తుందని భయపడింది. గుర్తొచ్చింది వేరే.

"దొంగ వెధవ! మీ నాన్న కొట్లో ఎండబెట్టిన అప్పడాలు, పచ్చివే నమిలేసేవోడు. మూతి నిండా మిరియాల పొడి. ఎవర్రా తిన్నాదంటే పిల్లి అనీవోడు."

నవ్వింది. నవ్వు మధ్యలోనే బావురుమంది. టీ గ్లాసులతో వచ్చిన భీమేశ్వరరావు అలాగే నిలబడిపోయాడు. రెండడుగులు దగ్గరకొచ్చి అన్నాడు:

"ఆ పిల్లికి జేబులో దాచిపెట్టి ఇచ్చేది నేనే, కమలా. నీకు సెప్పలేదు."

ఆమె తలెత్తి భర్త వైపు చూసింది. ఆయన టీ గ్లాసులు కింద పెట్టి, ఆ బల్ల చివర కూర్చున్నాడు.

"ఇంకా సెప్పు నాన్నా," అంది సాయిపద్మ.