ఎర్ర గీత కింది చప్పుడు

రెండు వేల పద్దెనిమిది, వానాకాలం. పబ్బు గోడను ఆనుకునే టీచరమ్మ ఇల్లు. ఇటు డాన్సు హాలు, అటు ఆమె పడకగది. మధ్య ఒకటే గోడ. కట్టినవాడు ఏ ధ్యాసలో కట్టాడో గానీ, ఆ గోడ వల్ల ఇటువాళ్ళకూ శాంతి లేదు, అటు ఆమెకూ లేదు.

పబ్బు అక్కది. నడిపేది తమ్ముడు. బావ పోయాక ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే. తమ్ముణ్ణి ఊరంతా మేనేజరు అనే పిలిచేది. కోపం వచ్చిన రోజున అక్క కూడా అలాగే పిలిచేది. శుక్ర, శనివారాల్లో పాటల రాత్రులు పెడితేనే జనం. జనం వస్తే టీచరమ్మకు కునుకు లేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఏ పాట ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి ఆగిందో నిమిషాలతో సహా రాసి లైసెన్సులిచ్చే ఆఫీసుకు పంపేది. రెండు ఫిర్యాదులకు రెండు నోటీసులు వచ్చాయి. మూడోది వస్తే లైసెన్సు రద్దేనని ఆఫీసువాళ్ళు మేనేజరు మొహం మీదే చెప్పారు.

అతను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. హాలు గోడలకు రెండు వరసల స్పాంజి అంటించి, దాని మీద రేకు కొట్టించి, పైన చెక్క వేయించాడు. గుమ్మానికి లోపలొక తలుపు, బయటొక తలుపు, రెంటి అంచులకూ రబ్బరు. ఆ రేకు దెబ్బకు సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోయింది. అందుకని కౌంటరు మీద తీగ ఫోను పెట్టాడు. తర్వాత టీచరమ్మను ఆమె మంచం మీదే కూర్చోబెట్టి, తను హాల్లో పాట పెట్టి, ఫోన్లో మాట్లాడుతూ సౌండు తగ్గించుకుంటూ వచ్చాడు. ఆమె "ఇక వినిపించట్లేదు" అన్నచోట మీట పక్కన అక్క గోళ్ళరంగుతో ఎర్ర గీత గీశాడు. ఆ గీత దాటనని మాటిచ్చాడు. దాటలేదు కూడా.

రెండు వారాలు తిరక్కుండానే ఆమె గొడుగు దులుపుకుంటూ వచ్చింది.

"ఏమయ్యా మేనేజరూ, పన్నెండింటికి మూసేస్తున్నానన్నావు?"

"మూసేస్తున్నాను కదమ్మా."

"మరి ఒంటిగంటకు లోపల తిరిగేదెవరు?"

"ఎవరూ ఉండరు. తాళం నేనే వేస్తాను."

"అయితే మీ తాళానికి కాళ్ళొచ్చినట్టున్నాయి. రేపు కాగితం పెడుతున్నా. చెప్పి పెట్టడం నా పద్ధతి."

కౌంటరు దగ్గర అక్క డబ్బు లెక్కపెట్టడం ఆపి తమ్ముడి వైపు చూసింది. మేనేజరు చేతులు జోడించాడు.

"ఒక్క రాత్రి ఆగండమ్మా. ఇవాళ అందర్నీ పంపేసి నేను హాల్లోనే ఉంటాను. మీరు ఫోను పట్టుకుని గోడ దగ్గర కూర్చోండి. ఏం వినిపించినా చెప్పండి. అదేదో పట్టుకుని అప్పటికప్పుడే ఆపేస్తాను. ఆపలేకపోతే కాగితం పెట్టండి."

"సరే. నిద్ర ఎలాగూ లేదు," అందామె.

ఆ రాత్రి పన్నెండున్నరకు ఆఖరి పనివాడు వెళ్ళిపోయాడు. అక్కను ఇంటికి పంపి, సెల్‌ఫోన్ ఎప్పట్లా ఆఫీసు గదిలో వదిలేసి, మేనేజరు రెండు తలుపులూ మూసుకుని లోపలికొచ్చాడు. బయట వాన దంచుతోంది. లోపలికి ఒక్క చినుకు చప్పుడు కూడా రాదు. జిగురు వాసన, ఒలికిన బీరు వాసన, తడి బూట్ల వాసన. అన్నీ కలిసి బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయి.

ఒంటిగంటకు ఫోను చేశాడు.

"వినిపిస్తోందా అమ్మా?"

"వినిపిస్తోంది. నడక."

"నేనే నడిచానేమో. ఇప్పుడు కౌంటరు దగ్గర ఉన్నాను, కదలట్లేదు."

"నువ్వు కాదులే. ఇది గోడవారన."

అతను గోడవారకు చూశాడు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఖాళీ నేల. ఫ్రిజ్జుల మోటార్లు గుర్రుమంటున్నాయి. అదే అయ్యుంటుందనుకున్నాడు. యాంప్లిఫయరు తీగ పీకాడు. ఫ్రిజ్జులు ఆపాడు. ఫ్యాన్లు ఆపాడు.

"ఇప్పుడో?"

"ఉంది."

ఇక ఇలా కాదనుకుని కౌంటరు వెనక మెయిన్ స్విచ్చే దించేశాడు. హాలు మొత్తం చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది.

"అమ్మా, ఇక్కడ ఇక ఆపడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడైనా ఆగిందా?"

 ఈసారి టీచరమ్మ గొంతులో ఆ దర్పం లేదు.

"ఆగలేదు బాబూ. నువ్వు మాట్లాడగానే తిరిగింది. నీవైపు వస్తోంది."

అతను చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. చిన్న గీరు చప్పుడు కూడా లేదు.

"నాకేం వినపడట్లేదమ్మా. నన్ను భయపెట్టి పబ్బు మూయించాలని కాదు కదా?"

"నా వయసు మనిషితో అనే మాటేనా అది? మాట్లాడకు. నువ్వు మాట్లాడితే దానికి దారి తెలుస్తోంది."

అతను రిసీవరు చెవికి నొక్కుకున్నాడు.

"ఆగింది," గుసగుసగా అందామె. "నీ ఎదురుగానే ఎక్కడో..."

కౌంటరుకు అవతల చీకటి. ఇవతల అతను. మధ్య ఒక చెక్క బల్ల. జిగురు వాసన మీదుగా ఇంకేదో వాసన తగిలింది. చాలా రోజులు మూసిపెట్టిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన. మెయిన్ స్విచ్చు కోసం చెయ్యి చాపాడు. గాజు గ్లాసు తగిలి టింగుమంది.

"చప్పుడు చెయ్యకు నాయనా," అందామె. "బల్ల చుట్టూ తిరిగి వస్తోంది..."

 తలుపు ఎక్కడుందో తెలుసు. ఎదురుగా, పదిహేను అడుగులు. ఎన్నిసార్లు నడిచాడో. కానీ బల్లకు ఏ వైపునుంచి వెళ్ళాలి? ఎటు వస్తోందో చెప్పేది ఆమె ఒక్కతే. రిసీవరు వదిలితే ఆమె చెవి లేదు. వదలకపోతే తీగ మూడడుగులు.

అప్పుడే అవతల గట్టిగా చరిచిన చప్పుడు ఫోన్లో వినిపించింది. టీచరమ్మ అరచేత్తో గోడను కొడుతోంది.

"ఇదుగో, ఇటు," అంది గోడతో, క్లాసులో వెనక బెంచీ వాణ్ణి లేపే గొంతుతో. మళ్ళీ ఫోన్లో గుసగుసగా, "తిరిగింది బాబూ. ఇటు వస్తోంది. చప్పుడు ఎటుంటే అటే వస్తోందది. నేను మాట్లాడుతూనే ఉంటా. రిసీవరు దిండు మీద పెట్టినట్టు మెల్లిగా పెట్టేసి నువ్వు నడువు. పరిగెత్తకు. నువ్వు బయటపడ్డాక మా తలుపు తట్టు. అప్పుడు ఆపుతా."

"మరి మీరు..." అన్నాడతను రిసీవరులోకి, గొంతు రాకుండా ఊపిరితోనే.

"నాకూ దానికీ మధ్య గోడుంది కదయ్యా. నీకూ దానికీ మధ్య ఏముంది?"

ఏం మాట్లాడాలో ఆమెకు తోచినట్టు లేదు. ఒక్క క్షణం తటపటాయించి ఎక్కాలు ఎత్తుకుంది. రెండో ఎక్కం. పైస్థాయిలో, ఖంగుమనే గొంతుతో. ఏడాదిగా పాటల చప్పుడు మీద కాగితాలు రాసిన మనిషి, నడిరేయి గోడకు మొహం పెట్టి వీధి అదిరేలా కేకలు పెడుతోంది.

మేనేజరు రిసీవరు బల్ల మీద పడుకోబెట్టాడు. చెప్పులు విడిచాడు. నేల జిగటగా ఉంది. పాదం ఎత్తితే ఎక్కడ చప్పుడవుతుందోనని ఈడ్చాడు. ఫోన్లోంచి గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆరో ఎక్కం. ఏడో ఎక్కం. ఒక బల్ల మోకాలికి తగిలింది. దాని మీద బోర్లించిన కుర్చీ ఊగింది... పట్టుకున్నాడు... ఆగింది.

ఎనిమిది. తొమ్మిది. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోలేదు.

పదమూడో ఎక్కానికి తలుపు చేతికి తగిలింది. పిడి కోసం తడుముతున్నాడు. రబ్బరు. చెక్క. రబ్బరు. పిడి లేదు. తప్పు చోట తడుముతున్నాడేమో...

"పదమూడు ఏళ్ళ తొంభై ఒకటి," అంది గొంతు.

చిన్న విరామం. ఊపిరి తీసుకుంటోందనుకున్నాడు.

"పదమూడు ఎనిమిదుల నూట నాలుగు."

మళ్ళీ సాగింది. తడబాటు లేదు, అలుపు లేదు. పద్నాలుగు. పదిహేను. బల్ల మీది ఫోను దూరమవుతుంటే గొంతు సన్నబడాలి కదా. సన్నబడలేదు. పిడి చేతికి దొరికింది. మెల్లిగా వంచాడు. పదహారో ఎక్కం నడుమ లోపలి తలుపు తెరుచుకుంది. దాన్ని మూయలేదు. బయటి తలుపు తోసుకుని వానలో పడ్డాడు.

టీచరమ్మ తలుపు రెండు చేతులతో బాదాడు. ఆమే తీసింది. జుట్టుముడి ఊడిపోయి ఉంది, అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది. అతన్ని చూసి గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"బతికించారమ్మా," అన్నాడు అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి. "నేనొచ్చేశాను. పదహారో ఎక్కం దాకా వింటూనే వచ్చాను."

ఆమె అతని మొహంలోకి అదోలా చూసింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది. తర్వాత బల్ల మీది ఫిర్యాదు కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి, పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో రాసింది.

"పదమూడు ఏళ్ళ దగ్గర గొంతు పోయింది. తర్వాత చెప్పింది నేను కాదు."

మేనేజరు ఆమె పడకగదిలోకి చూశాడు. రిసీవరు మంచం మీద అలాగే పడి ఉంది. అందులోంచి సన్నగా, ఖంగుమంటూ, ఇరవై మూడో ఎక్కం వస్తోంది.

ఆ కాగితం ఆఫీసుకు వెళ్ళలేదు. లైసెన్సు నిలిచింది. చాలామంది డాక్టర్లు చూశారు, గొంతులో ఏ లోపమూ లేదన్నారు. టీచరమ్మ చనిపోయే దాకా మరో మాట మాట్లాడలేదు.