షెడ్డు మైకులో వెంగమ్మక్క పేరు

ఉదయగిరి రోడ్డు మలుపులో ఉండే గొర్రెల సంఘం షెడ్డుకు పది రోజుల్లోనే చెడ్డపేరు వచ్చింది. చీకటితో అటు పోవద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. పాలు పోసే పిచ్చమ్మ చుట్టుదారి పట్టింది.

షెడ్డు మీద మైకు ఉండాది. ఏ మందకు టీకా గడువు వచ్చిందో కోడి కూసే ముందే పేరు పెట్టి పిలుస్తాది. పాత రిజిస్టరంతా కంప్యూటర్‌కి ఎక్కించి పది రోజుల కిందట ఆ ఏర్పాటు చేసింది నా కూతురు మధులతే.

ఆ మైకు రోజూ మా వెంగమ్మక్కను పిలస్తాండాదంట.

అక్క పోయి నాలుగు నెలలు.

మైకు పెట్టిన మర్నాడే పొరుగూరు పోయిన మధూ నేనూ ముందురోజే తిరిగొచ్చినాం. నేను నమ్మలా. ఆత్మకూరు మొదటి బస్సు కోసం బయల్దేరినాను. మలుపు తిరిగినాను... మైకు గరగరమంది.

"వెంగమ్మ గారూ... మీ మందను తోలుకుని రండి..."

ఒక చెప్పు ఆడే వదిలేసి ఇంటికొచ్చి పడినాను.

తెల్లారి అక్క కొడుకు మాలకొండయ్య వచ్చినాడు. అరవై జీవాలు. వాడికి ఉండే ఆధారమంతా అదే.

"చిన్నమ్మా... అమ్మ మందను అడగతాండాది. శుక్రవారం కోతకు కొనేవాళ్ళ లారీ వస్తాది. మొత్తం తోలేస్తాను," గొంతు తగ్గించి అన్నాడు.

"పిచ్చోడా! పైన అరవై జీవాల్ని యాడ మేపుతాదిరా?"

అన్నానే గానీ, వదిలేసిన చెప్పు తెచ్చుకునేదానికి మాత్రం పోలా.

మధు ల్యాప్‌టాప్ తెరిచింది. మధ్యాహ్నం దాకా తల ఎత్తలా.

"దొరికిందమ్మా!"

పోయినేడు టీకా వేయించిన తేదీ అడిగితే అక్క "పొంగళ్ళ మర్నాడు" అని రాయించింది. తేదీలు చదివేదానికి లైబ్రరీ అని ఒకటుంటాదంట. ఎవరో రాసిన ప్రోగ్రాము, అందరూ వాడుకుంటారంట. దానికి మా అమ్మవారి పొంగళ్ళు అర్థం కాలా.

"రాకపోతే రాదని చెప్పి ఆగాల. ఇది ఆ తప్పును మింగేసి, గడువు ఈ రోజే అని వేస్తాండాది. ఏ రోజుకారోజు."

"లెక్క రాకపోతే నువ్వు ఏదో ఒక అంకె వేసుకొచ్చేదానివే, అట్లనా?"

"అట్లనే," మూతి ముడిచింది.

ఇప్పుడు అర్థం కాకపోతే అది ఆగి, ఏ వరసలో ఆగిందో చూపేట్టు సరిచేసింది. వెంటనే ఆగింది... అక్క వరసలోనే.

నా ఫోనులో పోయినేటి పొంగళ్ళ ఫోటో ఉండాది. నెత్తిన కుండతో అక్క. ఫోటో తేదీ చూసి, మర్నాటి తేదీ ఎక్కించింది మధు.

రెండు తెల్లవారుజాములు మైకు అక్క పేరెత్తలా. మాలకొండయ్య లారీ వాణ్ణి ఆగమన్నాడు.

మూడోనాడు...

"వెంగమ్మ గారూ... మీ మందను తోలుకుని రండి..."

చేతిలో చెంబు జారింది.

"బాగుచేసినానంటివే!"

మధు పరుగున పోయి చూసింది. "తప్పు కాదమ్మా. నిజంగానే ఏడాది నిండింది. టీకా ఈ రోజే వెయ్యాల. లేదంటే చిటుకు రోగమొస్తే రాత్రికి రాత్రే మంద పోతాది."

హమ్మయ్య అనుకున్నాను.

మధు మాత్రం తెర మీంచి కళ్ళు తీయలా.

"ఏందే?"

"అమ్మా... నిన్న ఈ మందకు పేరు కూడా మార్చినాను. ఇక్కడ మాలకొండయ్య అనే ఉండాది."



వీధిలో గిట్టల చప్పుడు. చీకట్లోంచి మాలకొండయ్య గొంతు—

"వస్తాండానమ్మా! తోలుకొస్తాండా... ఊరంతా లేపొద్దు!"