మునిమాపున వేసిన బాణం

పొద్దు వాలినా చీకటి పడని రాజ్యం ఒకటుండేది. దాని పేరు గండశిల. అక్కడ సూర్యుడు పడమటి కొండల వెనక్కి సగం దిగి, ఇక ముందుకూ వెనక్కూ కదలకుండా ఆగిపోయాడు. మొదట్లో జనం వింతగా చూశారు. తర్వాత విసుక్కున్నారు. ఆ తర్వాత భయపడ్డారు. దీపాలు వెలిగించాలో ఆర్పాలో ఎవరికీ తెలియలేదు. పొట్ట మీదున్న వరి అలాగే ఉండిపోయింది కానీ కంకి వేయలేదు. పసిపిల్లలు నిద్రపట్టక ఏడ్చి ఏడ్చి గొంతులు పోగొట్టుకున్నారు.

ఎందుకిలా అయిందో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు. అనడానికి, అందుకు కారణమైన మనిషి రాజుగారి ఒక్కగానొక్క కూతురాయె.

ఆమె పేరు వకుళ. విల్లు పట్టడంలో ఆ చుట్టుపక్కల రాజ్యాల్లో ఆమెకు సాటి లేదు. ఆ మాట రోజూ నలుగురూ చెవిన వేస్తుంటే ఎవరికైనా తల తిరగక మానుతుందా? సూర్యుడు ఆగిపోయిన నాటికి మర్నాడే, సూర్యోదయాన ఆమెకు పట్టాభిషేకం జరగాల్సి ఉంది. ముందురోజు ఆనవాయితీ ప్రకారం వేట. పొరుగు రాజులు వచ్చారు, భట్రాజులు వచ్చారు, ఆమెకు విలువిద్య నేర్పిన ముసలి వేటగాడు బయ్యన్నా వచ్చాడు. రోజంతా తిరిగినా చెప్పుకోదగ్గ జంతువు కనబడలేదు. భట్రాజులు కట్టి పెట్టుకున్న పద్యాలు గొంతులోనే ఉండిపోయాయి.

మునిమాపు వేళ, లోయకు అవతలి గట్టు మీద ఒక అడవిదున్న వచ్చి నిలబడింది. కొండరాయంత ఒళ్లు, మోకాళ్ల దాకా తెల్లటి కాళ్లు. వకుళ విల్లెత్తింది.

బయ్యన్న మెల్లగా ఆమె పక్కకు వచ్చాడు. "వద్దు తల్లీ. దూరం ఎక్కువ, వెలుతురు తక్కువ. లోయలో గాలి ఎటు తిరుగుతుందో తెలియదు. తగలొచ్చు. కానీ ఎక్కడ తగులుతుందో నువ్వు చెప్పలేవు" అన్నాడు.

ఆ మాట నిజమని ఆమెకు తెలుసు. కానీ వెనక అంతమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆమె బాణం వదిలింది. అది లోయ దాటి దున్న పొట్టలో దిగింది. దున్న ఒక్కసారి ఒళ్లు ముడుచుకుని, వెదురు పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది. భట్రాజులు పద్యాలు అందుకున్నారు. పొరుగు రాజులు చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు.

వేటగాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కొట్టినవాళ్లే నెత్తుటి జాడ పట్టుకుని చివరిదాకా పోవాలి. బయ్యన్న ఆ సంగతి గుర్తు చేశాడు. వకుళ విందుకు వేళైందని, రేపు చూద్దామని అంది. "వేసిన చెయ్యి రాకపోతే నేర్పిన చెయ్యి పోవాలమ్మా" అని ఆ ముసలివాడు ఒక్కడే లోయలోకి దిగాడు. నొప్పితో పిచ్చెక్కిన దున్న పొదల్లో పొంచి ఉండి అతన్ని కుమ్మి చంపింది.

మర్నాడు సూర్యోదయం కాలేదు. పట్టాభిషేకమూ కాలేదు. రాజుగారి సైనికులు పోయి దున్న మీద బాణాల వాన కురిపించారు. ఆ బాణాలన్నీ దాని చర్మం మీంచి గడ్డిపోచల్లా జారిపోయాయి. అది చావకుండా, బతకకుండా మూలుగుతూ అడవిలో తిరుగుతూనే ఉంది.

చివరికి వకుళ తలవంచుకుని బయ్యన్న గుడిసెకు వెళ్లింది. దెబ్బతిన్న జంతువు చేతిలో మనిషి పోతే, ఆ జంతువు చచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. బయ్యన్న పెళ్లాం సూరమ్మ చల్లబడ్డ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు తెచ్చిన జావ పక్కనే తరకగట్టి ఉంది. వకుళ తాను తెచ్చిన బియ్యం, బట్టలు ముందు పెట్టింది. సూరమ్మ వాటివైపు చూడలేదు.

"ఇయ్యేం చేసుకోను తల్లీ? నా పొయ్యి ఎలగాల. దానికి నీ బియ్యం పనికిరావు" అంది. తిట్టలేదు, శపించలేదు. తిడితే బాగుండుననిపించింది వకుళకు. అక్కడి నుంచి అలాగే, భుజాన ఉన్న విల్లూ అమ్ములపొదితోనే, కోటకు కూడా పోకుండా అడవి దారి పట్టింది.

అడవి మొదట్లో ఒక ముని మోకాలి లోతు నీళ్లలో నిలబడి సంధ్య వారుస్తున్నాడు. పాపం, సంధ్య పోతేనే కదా వార్చడం ముగిసేది! చేతులు పీకుతున్నా దోసిలి దించలేక, వచ్చిందెవరో చూడగానే ఆయన మొహం చిట్లించాడు.

"వచ్చావా? ఆ దున్నకు నీ చెయ్యి తప్ప ఇంకే చెయ్యీ చావునివ్వలేదు. దాని ప్రాణం పోతేనే నువ్వు బాణం వేసిన పూట గడుస్తుంది" అన్నాడు. పొదిలో ఒక్క బాణం మాత్రం ఉంచుకుని మిగిలినవి విరిచి పారెయ్యమన్నాడు. ఆ ఒక్కటీ దారిలో మరే జంతువునైనా గాయపరిచి వదిలితే నెత్తుటి జాడ చెరిగిపోతుందనీ, ఇక ఎన్నటికీ దొరకదనీ హెచ్చరించాడు. వకుళ బాణాలన్నీ మోకాలికి వేసి విరిచి ముందుకు నడిచింది.

వెదురు పొదల దగ్గర జాడ దొరికింది. ఎండిన నెత్తురు, అందులో నమిలిన గడ్డి తునకలు. పొట్టలో దిగిన బాణానికి అదే గుర్తని బయ్యన్న చిన్నప్పుడే చెప్పాడు. అలాంటి దెబ్బకు జంతువు ఎంత నెమ్మదిగా, ఎంత యాతన పడి చస్తుందో కూడా చెప్పాడు. అప్పుడు ఆమె ఆ మాటలు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసింది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

జాడ వెంట నడిచి నడిచి ఆకలితో కళ్లు తిరుగుతున్నప్పుడు, దూరంగా చెట్ల మధ్య ఒక దుప్పి కనిపించింది. చేతులు వాటంతటవే విల్లెత్తాయి. గురి కుదిరింది. కానీ దానికీ ఆమెకూ మధ్య ఒక సన్నని కొమ్మ గాలికి ఊగుతోంది. బాణం ఆ కొమ్మను తాకితే దుప్పికి కాలు విరుగుతుందో, దవడ పగులుతుందో. వెనకటి వకుళ అయితే ఆ కొమ్మను లెక్కచేసేది కాదు. ఆమె విల్లు దించి, నేల తవ్వి చేదు గడ్డలు తిని కడుపు నింపుకుంది. దుప్పి ఆమె వంక తీరిగ్గా చూసి, మేత ముగించుకుని పోయింది.

ఆ తర్వాత దారి ఒక గుహ ముందు నుంచి పోయింది. గుహలో ఒక రాక్షసుడు కొలిమి పెట్టుకుని బాణాలకు ములుకులు సాగదీస్తున్నాడు. మనుషుల్ని తినడం మానేసి చాలాకాలమైందట. ఇప్పుడు బాణాలు పంచిపెట్టడమే అతని వినోదం. ఎర్రగా మెరిసే బాణమొకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

"రాచపిల్లా, ఇది తీసుకో. ఏడు కొండల అవతల ఉన్నా, కళ్లు మూసుకుని వేసినా తగిలి తీరుతుంది. ఆ పొగరుబోతు దున్న దగ్గరికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు."

నిజం చెప్పాలంటే ఆమెకు ఆశ పుట్టింది. దున్నంటే ఆమెకు భయంగానే ఉంది. బాణం వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆపింది.

"తగిలాక?" అని అడిగింది.

"తగిలాక ఏముంది?"

"చస్తుందా?"

రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తగలడం వరకే నా పూచీ. ఆ తర్వాత సంగతి ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. అందరికీ తగిలితే చాలు."

వకుళ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ అందరిలో తనూ ఒకతె. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని బయటికి నడిచింది. రాక్షసుడు వెనక నుంచి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

చివరికి జాడ ఆమెను ఒక లోయ అంచుకు తెచ్చింది. అవతలి గట్టు మీద దున్న నిలబడి ఉంది. అదే దూరం, అదే మసక వెలుతురు. ఇక్కడి నుంచి వేయవచ్చు. ఈసారి సరిగ్గా తగులుతుందేమో. ఆ "ఏమో" దగ్గర ఆమె ఆగిపోయింది. విల్లు భుజాన వేసుకుని, రాళ్లు పట్టుకుంటూ లోయలోకి దిగి, అవతలికి ఎక్కింది.

దగ్గర నుంచి చూస్తే అది వెనకటి దున్న కాదు. డొక్కలు ఎండిపోయాయి. పొట్టలో బాణం చుట్టూ ఈగలు ముసిరాయి. ఎడమ కొమ్ముకు బయ్యన్న తలపాగా పేలిక వేలాడుతోంది. అది చూసి వకుళ కళ్ల నీళ్లు ఆగలేదు.

దున్న ఆమెను చూసి తల వంచింది. ఎదురుగా నుదురు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ ఎముక మీద ఏ బాణమూ నిలవదు. అది బుసకొడుతూ ఒక్కొక్క అడుగే వేస్తోంది. పారిపొమ్మని కాళ్లు, వదిలెయ్యమని వేళ్లు పోరుపెడుతున్నాయి. ఆమె నారి లాగి అలాగే నిలబడింది. దాని ఊపిరి వేడిగా ముఖానికి కొట్టింది.

"నీ దగ్గరికి రావడానికి ఇంతకాలం పట్టింది. తప్పు నాది" అంది వకుళ.

దున్న ఆగింది. చాలాసేపు ఆమెను చూసింది. దానికి అర్థమైందో, అలసిపోయిందో నేను చెప్పలేను. మెల్లగా పక్కకు తిరిగి, ముంగాలు ఒకటి ముందుకు వేసింది. ఆ కాలి వెనక, గుండె ఉండే చోటు తేటగా కనిపించింది. వకుళ బాణం వదిలింది.

అది రెండడుగులు కూడా వేయకుండానే ఒరిగిపోయింది. వకుళ దాని పక్కనే చేరి, దాని కళ్లలో వెలుగు పోయేదాకా మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. పొట్టలోని పాత బాణాన్ని పెరికి తీసింది. సరిగ్గా అప్పుడు చీకటి పడింది. నిఖార్సైన, మంచి చీకటి. గండశిలలో పసిపిల్లలు ఒక్కొక్కరే నిద్రలోకి జారుకున్నారు. ముని అమ్మయ్య అనుకుంటూ దోసిలి దించాడు.

తెల్లవారుతూ ఉండగా వకుళ ఊరు చేరింది. కోట ముందు మేళతాళాలతో జనం ఎదురుచూస్తున్నారు. భట్రాజుల దగ్గర కొత్త పద్యాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. ఆమె వాళ్లను దాటుకుని నేరుగా బయ్యన్న గుడిసెకు పోయింది. తలపాగా పేలికను సూరమ్మ ఒడిలో పెట్టింది.

సూరమ్మ దాన్ని తడిమి తడిమి చూసింది. తర్వాత అడిగింది. "ఎంత దూరం కాడి నుంచి ఏసినావు తల్లీ?"

"చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి, అవ్వా."

ముసలామె తల ఊపింది. మూలనున్న పుల్లలు తెచ్చి ఆమె చేతికిచ్చి, పొయ్యి వైపు చూపించింది. వకుళ మోకాళ్ల మీద కూర్చుని, పొగకు దగ్గుతూ, మంట అంటుకునేదాకా ఊదింది.

ఆ రోజే పట్టాభిషేకం జరిగింది. వకుళ గండశిలను చాలాకాలం చల్లగా ఏలింది. ఆమె వేటకు పోయిన రోజుల్లో ఎక్కువసార్లు ఉత్తచేతులతోనే తిరిగి వచ్చేది. భట్రాజులకు పద్యాలు కట్టే అవకాశమే దొరకలేదు. వాళ్ల సణుగుడు వింటూ ఆమె సూరమ్మ గుడిసె దగ్గర గుర్రం దిగి, పొయ్యి వెలుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు ఇంటికి పోయేది.